వెదురు నార బలమంతా జిగురు దగ్గరే

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం వెదురు నార మీదే. రెసిన్ (నారను పట్టి ఉంచే, పోశాక గట్టిపడే జిగురు) డబ్బాల మధ్య, అచ్చుల మధ్య బతికే మనిషిని కాబట్టి నాకూ సంతోషమే. ఒకే మాట అడిగినవాళ్లను కలిపేశాను. ఒకటి రెండు జవాబులు కాస్త కటువుగా ఉంటాయి, ఏమనుకోకండి.

ప్రశ్న: ఉక్కు కంటే వెదురు బలమైనదని చదివి, ప్రాజెక్టు కోసం వెదురు నారతో ఎపాక్సీ (ఒక రకం రెసిన్) పలక పోశాను. నారను చిన్న ముక్కలుగా కోసి, అచ్చులో చల్లి, పైన రెసిన్ పోశాను. టెస్టింగ్ మెషీన్‌లో పెట్టి లాగితే నార లేని ఉత్త ఎపాక్సీ పలక కంటే ముందే విరిగింది. లోపం నా నారలోనే ఉందా? త్వరలో వైవా ఉంది, ఒకటే టెన్షన్.
– ఒక ఇంజినీరింగ్ విద్యార్థి

జవాబు: విరిగిన ముక్కలు పారేయలేదు కదా? పలక ఎంత బరువుకు విరిగిందో మెషీన్ చెబుతుంది. ఎందుకు విరిగిందో మాత్రం విరిగిన అంచే చెప్పాలి. దాన్ని వెలుతురులో పెట్టి భూతద్దంతో చూడండి. నా అంచనా ప్రకారం అంచులోంచి నారలు పొడుగ్గా, శుభ్రంగా, మెరుస్తూ పొడుచుకొచ్చి ఉంటాయి. ఎదుటి ముక్కలో వాటికి సరిపడా నున్నటి బొక్కలు కనిపిస్తాయి. అంటే నార తెగలేదు, ఊడొచ్చింది. పట్టు బాగా కుదిరిన పలకలో నార అంచు దగ్గరే తెగుతుంది, తెగిన మొనకు రెసిన్ పెచ్చులు అంటుకుని ఉంటాయి. మీ నార మంచిదే అయ్యుండొచ్చు. దాని బలం పలకలోకి చేరలేదు, అంతే.

కాస్త లెక్క వేద్దాం. వెదురు నార కట్ట లాగుడు బలం మామూలుగా 400 నుంచి 800 మెగాపాస్కల్స్ (ఒక చదరపు మిల్లీమీటరు కోత ఎన్ని న్యూటన్ల లాగుడు ఓర్చుకుంటుందో చెప్పే కొలత) దాకా ఉంటుంది. మనం 500 అనుకుందాం. పలకలో 30 శాతం నార, మిగతాది ఎపాక్సీ. నారలన్నీ లాగే దిక్కుకే, కొస నుంచి కొసకు పేర్చి ఉంటే నార వాటా 150, రెసిన్ వాటా 35 దాకా, మొత్తం 185 దరిదాపుల్లో రావాలి. ఉత్త ఎపాక్సీకి 60, 70 వస్తుంది. అంటే మూడింతలకు దగ్గర. కానీ మీరు నారను చల్లారు. అన్ని దిక్కులకూ పడిన నారలో లాగే దిక్కుకు పనికొచ్చేది మూడో వంతు కంటే కొంచెం ఎక్కువ, అంతే. 150 కాస్తా 55 అవుతుంది. అదీ జిగురు పట్టు పక్కాగా ఉంటేనే. పట్టు లేకపోతే నార వాటా దాదాపు సున్నా. పైగా పలకలో 30 శాతం చోటు దండగ, ప్రతి నార కొసా ఒక పగులుకు మొదలు. ఉత్త ఎపాక్సీ కంటే ముందే విరగడంలో వింతేముంది?

ఉక్కు మాటకొస్తే, అది అబద్ధం కాదు, సగం నిజం. మామూలు ఉక్కు 400 మెగాపాస్కల్స్ దాటాక తెగుతుంది, సాంద్రత నీటికి దాదాపు ఎనిమిది రెట్లు. వెదురు నార సాంద్రత నీటికి ఒకటిన్నర రెట్లు కూడా ఉండదు. సమాన బరువులో చూస్తే, నార పొడవునా లాగితే, నారదే పైచేయి. అడ్డంగా లాగితే? వెదురు బద్దను గోటితో చీల్చొచ్చు. ఈ రెండో సంగతి పోస్టర్ల మీద ఎవరూ రాయరు.

ఇక పట్టు ఎలా తేవాలి? నార పైన మైనం, పెక్టిన్, హెమీసెల్యులోజ్, పై పొరలో లిగ్నిన్ లాంటి మొక్కల పదార్థాలు పేరుకుని ఉంటాయి. దుమ్ము గోడ మీద స్టిక్కర్ నిలవనట్టే ఆ పొర మీద రెసిన్ నిలవదు. దాన్ని తీసేందుకు అందరూ వాడేది కాస్టిక్ సోడానే. 5 శాతం ద్రావణం చాలు, లీటరు నీళ్లకు 50 గ్రాములు. సోడాను నీళ్లలో కొద్దికొద్దిగా వేయాలి, సోడా మీద నీళ్లు పోయకూడదు, ఎగిరి మీద పడుతుంది. గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. అల్యూమినియం గిన్నె వద్దే వద్దు, సోడా దాన్ని తినేసి హైడ్రోజన్ వదులుతుంది. గది వేడిలో రెండు నుంచి నాలుగు గంటలు నానబెడితే నీళ్లు టీ డికాక్షన్ రంగుకు తిరుగుతాయి. వదలాల్సింది వదులుతోందన్నమాట. తర్వాత నీళ్లు మారుస్తూ కడగాలి. చివరి కడుగులో కాసింత ఎసిటిక్ ఆమ్లం కలిపి, లిట్మస్ కాగితం రంగు మారడం ఆగేదాకా చూసుకోవాలి. నార మీద సోడా మిగిలితే తర్వాత ఆ నారనే కొరికేస్తుంది.

ఎక్కువ సోడా వేస్తే ఎక్కువ శుభ్రమవుతుందని 15, 20 శాతానికి వెళ్లే ఉత్సాహవంతులు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. అప్పుడు సోడా మైనంతో ఆగదు, నార కట్టను కలిపి ఉంచే లిగ్నిన్‌నూ, నారకు అసలు బలమైన సెల్యులోజ్ అల్లికనూ పాడుచేస్తుంది. నార మెత్తగా, అందంగా కనిపిస్తుంది, వేళ్ల మధ్య పెట్టి లాగితే పుటుక్కున తెగుతుంది.

వైవా సంగతి: విరిగిన అంచు ఫొటో పెద్దది చేసి రిపోర్టులో పెట్టండి. బలం ఎందుకు తగ్గిందో చూపించగలిగితే, పెరిగిందని ఊరికే రాసేవాళ్ల కంటే మీకే మార్కులు పడాలి. పడతాయా లేదా అన్నది మీ ఎగ్జామినర్ దయ.

ప్రశ్న: వెదురు బొంగు నుంచి నార తీయడానికి పెద్ద మెషీన్లు లేకుండా దారి ఉందా? ఏ వయసు వెదురు తీసుకోవాలి? బొంగులో ఏ భాగం మంచిది?

జవాబు: మూడు నుంచి ఐదేళ్ల బొంగు తీసుకోండి. వెదురు గడ్డి జాతిది. మొలకగా నేల చీల్చుకుని వచ్చినప్పుడు ఎంత లావుందో చివరిదాకా అంతే, కొన్ని నెలల్లోనే పూర్తి ఎత్తుకు చేరుతుంది. ఎత్తు చూసి ముదిరిందనుకుంటే పొరపాటు. ఆ తర్వాత రెండు మూడేళ్లపాటు లోపల గోడలు గట్టిపడుతూనే ఉంటాయి. లేత బొంగులో నీళ్లెక్కువ, నార పలచన. మరీ ముసలిదైతే పెళుసు.

బొంగును అడ్డంగా కోసి ఆ కోతను చూస్తే అసలు రహస్యం అక్కడే ఉంటుంది. నల్లటి చుక్కలు కనిపిస్తాయి, అవే నార కట్టలు. బయటి అంచు వైపు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి, లోపలికి పోయేకొద్దీ విడివిడిగా, మధ్యలో మెత్తటి గుజ్జు. బయటి వైపు 60 శాతం దాకా నార ఉంటే లోపలి అంచున 15 శాతం ఉంటుంది. గాలికి వంగేటప్పుడు ఎక్కువ ఒత్తిడి పడేది బయటి అంచు మీద, మొక్క నారనంతా తీసుకెళ్లి అక్కడే పెట్టుకుంది. కాబట్టి లోపలి మెత్తటి భాగం చెక్కేయండి. బయటి ఆకుపచ్చ తొక్కనూ గీకేయాలి, అందులో మైనం, సిలికా ఉంటాయి, ఏ జిగురూ నిలవదు. కానీ మెల్లగా గీకండి. శ్రేష్ఠమైన నార ఆ తొక్కకు ఆనుకునే ఉంటుంది. చాకు కాస్త లోతుకు దిగిందంటే మంచిదంతా చెత్తబుట్టలోకి పోతుంది.

కణుపులు కోసి పక్కన పెట్టండి. అక్కడ నార మెలికలు తిరిగి అటూ ఇటూ పోతుంది, తిన్నగా రాదు. కణుపుకీ కణుపుకీ మధ్య ముక్కలను సన్నటి బద్దలుగా చీల్చి, రెండు మూడు రోజులు నీళ్లలో నానబెట్టి, పైన చెప్పిన పలచటి కాస్టిక్ సోడాలో ఉంచి, రోలర్ల మధ్య నలిపి, ఇనుప పళ్ల దువ్వెనతో దువ్వితే నార విడిపోతుంది. చెరకు రసం తీసే రోలర్ లాంటిది దొరికినా చాలు. సుత్తితో బాదొచ్చు కానీ బాదిన చోటల్లా నారలో సన్నటి నొక్కులు పడతాయి, లాగినప్పుడు సరిగ్గా అక్కడే తెగుతుంది. ఫ్యాక్టరీల్లో ఇంకో పద్ధతుంది: మూసిన పాత్రలో 175 డిగ్రీల ప్రాంతంలో ఆవిరి పట్టి ఒక్కసారిగా వదిలేస్తారు, బద్ద లోపలి నుంచే పేలి విచ్చుకుంటుంది. దాన్ని ఇంట్లో ప్రెషర్ కుక్కర్‌తో చేయొచ్చా అని ఒకాయన అడిగారు. చేయొద్దు. దయచేసి.

ఇంకో మాట. నార నానిన కాస్టిక్ సోడా నీళ్లను అలాగే కాలువలో పారబోస్తే మీ పర్యావరణ ప్రాజెక్టు అక్కడితో అయిపోయినట్టే. ఆమ్లం కలిపి తటస్థం చేశాకే వదలాలి.

ప్రశ్న: మార్కెట్లో వెదురు బట్ట దొరుకుతోంది, పట్టులా మెత్తగా ఉంది. నార తీసే తిప్పలు లేకుండా ఆ బట్టనే ఎపాక్సీలో ముంచి పలకలు చేస్తే?

జవాబు: అది దాదాపు ఎప్పుడూ విస్కోస్ రేయాన్. వెదురును రసాయనాల్లో గుజ్జుగా కరిగించి, సన్నటి రంధ్రాల్లోంచి దారంగా తీసింది. వెదురు కట్టుకున్న సహజమైన నిర్మాణం ఆ కరగడంలోనే పోయింది. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2009లోనే ఇలాంటి బట్టను వెదురు బట్ట అని అమ్మిన కంపెనీల మీద చర్య తీసుకుంది, వెదురు నుంచి చేసిన రేయాన్ అని రాయాల్సిందే అంది. కట్టుకోవడానికి హాయి. పలకకు బలం కావాలంటే అది దారి కాదు.

ప్రశ్న: మేము పోసిన పలకల్లో తెల్లటి బుడగలు వస్తున్నాయి. బాగా వచ్చినవి కూడా తడి గాలికి కొన్నాళ్లు వదిలేస్తే వంకర తిరుగుతున్నాయి. రెసిన్ కంపెనీని మార్చాలా?

జవాబు: రెసిన్‌ను తిట్టే ముందు నారను తూకం వేయండి. ఓవెన్‌లో పెట్టక ముందు ఒకసారి, 105 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచి తీశాక ఒకసారి. చూడటానికి పొడిగా, చేతికి గరగరలాడే నార కూడా బరువులో పదో వంతు దాకా నీళ్లు మోస్తుంటుంది. సెల్యులోజ్‌కు నీళ్లంటే అంత ప్రేమ. రెసిన్ గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది, ఆ వేడికి ఈ నీళ్లు ఆవిరై బయటికి దారి లేక బుడగలై కూర్చుంటాయి. ఓవెన్‌లోంచి తీసిన నారను బల్ల మీద వదిలేసి భోజనానికి వెళ్లొస్తే మళ్లీ మొదటికే. తీసిన వెంటనే మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టండి, లేదా వెచ్చగా ఉండగానే అచ్చులోకి వెళ్లిపోవాలి.

వంకరకు కారణమూ నీళ్లే, కాకపోతే ఈసారి బయటి నుంచి. కోసిన అంచుల్లో నార కొసలు తెరుచుకుని ఉంటాయి. నీళ్లు వాటి వెంట లోపలికి పాకి, నార ఉబ్బి, ఆరినప్పుడు ముడుచుకుని, రెసిన్‌కూ నారకూ మధ్య సందు చేస్తాయి. ఆ సందులోకి మళ్లీ నీళ్లు. కాబట్టి కోసిన ప్రతి అంచుకూ రెసిన్ పూత వేయాలి. పలక పొరలను మధ్య నుంచి రెండు వైపులా ఒకేలా పేర్చాలి. పైన ఒక దిక్కు, కింద ఇంకో దిక్కు పెడితే ఎంత ఆరబెట్టినా అది వంగే తీరుతుంది.

ఎపాక్సీ బదులు పాలీప్రొపిలీన్ అనే, వేడికి కరిగే ప్లాస్టిక్ వాడుతున్నవాళ్లకు ఒక మాట: అది 165 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టి సరిపోతుంది. 200 దాటితే నార గోధుమరంగుకు తిరిగి మాడు వాసన వస్తుంది. అందుకే 220 దగ్గర కరిగే నైలాన్ 6 జోలికి పోవద్దు. పాలీప్రొపిలీన్‌కు నీళ్లు పడవు, నారకు నీళ్లు లేకపోతే పడదు. ఈ ఇద్దరికీ సంధి కుదర్చడానికి మలేయిక్ ఎన్‌హైడ్రైడ్ అనే రసాయనం అతికించిన పాలీప్రొపిలీన్‌ను కొద్దిగా, 2 నుంచి 5 శాతం, కలుపుతారు. అది కలపకుండా బలం రాలేదని రాసిన ముగ్గురికీ ఇదే జవాబు.

ప్రశ్న: వెదురు కప్పులు, వెదురు ప్లేట్లు పిల్లలకు మంచివేనా? ప్లాస్టిక్ కాదు కదా అని కొన్నాను.
– ఒక గృహిణి

జవాబు: అమ్మా, పేరు గొప్ప ఊరు దిబ్బ. వెదురును చెక్కి చేసిన కప్పు అయితే వేరే మాట, దాంట్లో చార, కణుపు కంటికి కనిపిస్తాయి. అచ్చులో పోసినట్టు నున్నగా, రంగురంగులుగా, అన్నీ ఒకేలా ఉండి వెదురు అని రాసి ఉంటే, అది చాలావరకు మెలమైన్ రెసిన్‌లో వెదురు పొడి కలిపి నొక్కింది. అంటే ప్లాస్టిక్కే. వేడి ద్రవం పోస్తే మెలమైన్, ఫార్మాల్డిహైడ్ అనే రసాయనాలు అందులోకి దిగొచ్చని జర్మనీలో ఆహారం, వస్తువుల వల్ల వచ్చే ముప్పును అంచనా వేసే బీఎఫ్ఆర్ సంస్థ 2020లో హెచ్చరించింది. ఆహారానికి తగిలే ప్లాస్టిక్‌లో వెదురు పొడికి అనుమతి లేదని చెప్పి యూరోపియన్ యూనియన్ 2021లో వీటిని ఏరివేసే పని పెట్టుకుంది. పెన్నులు పెట్టుకోవడానికి వాడండి. వేడివి పోయొద్దు, మైక్రోవేవ్‌లో అసలే పెట్టొద్దు.

ప్రశ్న: మీరు చెప్పేవన్నీ ఎపాక్సీ, పాలీప్రొపిలీన్. మరి ఇందులో పర్యావరణహితం ఎక్కడుంది? మట్టిలో కలిసే పీఎల్ఏ (పాలీలాక్టిక్ ఆమ్లం అనే ప్లాస్టిక్) వాడితే సరిపోదా?

జవాబు: ఈ ఉత్తరం రాసినవాళ్లకు దండం. అడగాల్సిన ప్రశ్న ఇదే.

నార వైపు నుంచి చూస్తే వెదురుకు పేరు పెట్టలేం. కోస్తే దుంప నుంచి మళ్లీ లేస్తుంది, మళ్లీ నాటక్కర్లేదు. గాజు నార తయారు కావాలంటే గాజును వెయ్యి డిగ్రీలు దాటించి కరిగించాలి. బిగువులో (సాగకుండా, వంగకుండా నిలిచే గుణంలో) కూడా, సమాన బరువుకు చూస్తే, వెదురు నార గాజు నారకు బాగా దగ్గరగా వస్తుంది. బలంలో రాదు, అక్కడ గాజుదే రాజ్యం. అందుకే కారు తలుపు లోపలి ప్యానెల్, ప్యాకింగ్ పెట్టె లాంటి బిగువు ముఖ్యమైన వస్తువుల్లో వెదురును నిస్సంకోచంగా వాడమంటాను. ప్రాణాల మీదికి వచ్చే చోట తొందరపడొద్దంటాను. ఇంకో లాభం కూడా ఉంది. గాజు నార పలకను రుద్దిన రోజు రాత్రంతా చేతులు దురద. వెదురు పలకకు ఆ బాధ లేదు. దుమ్ము దుమ్మే, మాస్కు మానొద్దు.

తిప్పలన్నీ రెసిన్ వైపు నుంచి వస్తాయి. ఎపాక్సీ ఒకసారి గట్టిపడితే మళ్లీ కరగదు. అందులో నాటుకున్న నార మట్టిలో కలిసే ప్రసక్తి లేదు. మొక్కల నుంచి తీసిన ఎపాక్సీ అని అమ్మేవాటిలో చాలావాటికి కొంత భాగం మాత్రమే మొక్కలది. పాలీప్రొపిలీన్ పలకను మళ్లీ కరిగించొచ్చు, కానీ కరిగించిన ప్రతిసారీ నార పొట్టిదై, మాడి, బలం దిగుతుంది. పైగా నార కలిసిన ప్లాస్టిక్‌ను మామూలు రీసైక్లింగ్ వాళ్లు తీసుకోరు. పీఎల్ఏ కుళ్లుతుంది, నిజమే. 58 డిగ్రీల దగ్గర వేడిగా నడిచే పెద్ద కంపోస్టు ప్లాంటులో. మీ పెరట్లో పాతిపెడితే ఏళ్ల తరబడి అలాగే పలకరిస్తుంది. ఇంకా తమాషా, అదే పీఎల్ఏ 60 డిగ్రీలకే మెత్తబడుతుంది. ఎండలో ఆపిన కారు డ్యాష్‌బోర్డు మీద పెడితే సాయంత్రానికి ఆకారం మారిపోతుంది.

నన్నడిగితే మట్టిలో కలుస్తుందా అన్న ప్రశ్న కంటే ముందు ఇది ఎన్నేళ్లు వాడే వస్తువు అని అడగాలి. ఇరవై ఏళ్లు బయట ఎండావానల్లో నిలిచే నేల పలకలైతే రెసిన్ తక్కువ, వెదురు ఎక్కువ ఉన్న రకం మేలు. నార కట్టలకు ఫినాల్ ఫార్మాల్డిహైడ్ రెసిన్ పట్టించి వేడిగా నొక్కి చేసే స్క్రింబర్ అనే రకం ఉంది, అందులో వెదురు ఎనభై ఐదు శాతం పైనే ఉండొచ్చు, గట్టి చెక్కలను మించి బరువుగా ఉంటుంది. నాలుగు రోజుల్లో పారేసే వస్తువుకైతే రెసినే వద్దు, వెదురును వెదురుగా చెక్కి వాడుకోండి.

అసలు రెసిన్ లేకుండా చేసే ప్రయత్నాలూ ఉన్నాయి. మేరీలాండ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2018లో చెక్కను కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైట్ కలిపిన నీళ్లలో ఉడికించి, లిగ్నిన్‌లో కొంత తీసేసి, వేడిగా నొక్కారు. కణాల్లోని ఖాళీలన్నీ మూసుకుపోయి, బలం పది రెట్ల దాకా పెరిగింది. ఆ తర్వాత వెదురు మీదా అదే పని జరిగింది. జిగురు బయటి నుంచి తేకుండా నారల్నే ఒకదానికొకటి హత్తుకునేలా చేయడం. నాకు ఈ దారి మీద గురి ఎక్కువ, మా వృత్తిలో చాలామందికి లేదు.

ప్రశ్న: కాంక్రీటులో ఇనుప చువ్వల బదులు వెదురు బద్దలు వేయొచ్చా?

జవాబు: ఈ ఆశ పాతది. 1914లోనే అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో దీని మీద పరిశోధన జరిగింది. 1950లో అమెరికాలోనే క్లెమ్సన్ కాలేజీలో గ్లెన్ అనే ప్రొఫెసర్ వెదురు వేసిన దూలాలను పరీక్షించి పెద్ద నివేదిక రాశారు. చిక్కు ఇదీ: తడి కాంక్రీటులో బద్ద నీళ్లు తాగి ఉబ్బుతుంది, కాంక్రీటు గట్టిపడ్డాక ఆరి ముడుచుకుంటుంది, చుట్టూ సందు మిగులుతుంది. పట్టు పోయాక అది చువ్వ కాదు, కాంక్రీటులో ఇరుక్కున్న కట్టె. పైగా వెదురు బిగువు ఉక్కులో పదో వంతు ఉంటే గొప్ప, దూలం తెగకపోయినా కిందికి సాగుతుంది. ఇటీవల నారను రెసిన్‌తో నొక్కి చువ్వలు చేసే ప్రయోగాలు నడుస్తున్నాయి, అవి వేరు. పచ్చి బద్దలతో స్లాబు వేసి దాని కింద మనుషుల్ని పడుకోబెట్టొద్దు.

ప్రశ్న: ఎడిసన్ బల్బులో వెదురు వాడారని మా టీచర్ చెప్పారు. నిజమేనా?
– ఎనిమిదో తరగతి విద్యార్థిని

జవాబు: నిజమే తల్లీ. 1880లో ఎడిసన్ వెదురు పోగును గాలి తగలకుండా మాడ్చి, బొగ్గు దారంగా చేసి బల్బులో పెట్టాడు. వెయ్యి గంటలకు పైగా వెలిగింది. మంచి వెదురు కోసం మనుషుల్ని దేశదేశాలకు పంపితే చివరికి జపాన్‌లో క్యోటో దగ్గరి వెదురు నచ్చింది. ఈనాడు విమానాల్లో వాడే కార్బన్ ఫైబర్‌కు ఆ బొగ్గు దారం ముత్తాత వరస. వచ్చే తరగతుల్లో దీన్ని చదువుతావు.

ప్రశ్న: వెదురు బొంగులతో సైకిల్ ఫ్రేమ్ చేస్తున్నాను. కీళ్ల దగ్గర వెదురు నారనే ఎపాక్సీలో ముంచి చుట్టొచ్చా?

జవాబు: బొంగులు భేష్, కీళ్లకు మాత్రం వద్దు. వెదురు నార పొడవు కణుపుకీ కణుపుకీ మధ్య దూరమే, పైగా బిరుసు. కీలు దగ్గరి ఇరుకు మలుపుల్లో చుడితే పైకి లేచి నిలబడుతుంది, దాని కింద గాలి చిక్కుకుంటుంది. గంజాయి జాతి మొక్క నార హెంప్ గానీ, అవిసె నార ఫ్లాక్స్ గానీ పొడుగాటి పోగులుగా దొరుకుతాయి, మెత్తగా మలుపు తిరుగుతాయి. కాలిఫోర్నియాలో క్రెయిగ్ కాల్ఫీ చేసే వెదురు సైకిళ్లకు కీళ్లు హెంప్, ఎపాక్సీలతోనే చుడతారు. మీరూ అదే చేయండి. చుట్టే ముందు బొంగు బాగా ఆరిందో లేదో చూసుకోండి, పచ్చిది తర్వాత ముడుచుకుని కీలులోనే వదులవుతుంది. నార పడే మేర పై తొక్కను గరుకు కాగితంతో మెరుపు పోయేదాకా గీకండి. బొంగు రెండు కొసలకూ లోపల రెసిన్ పూయండి, పుచ్చు పురుగు పిండి పదార్థం కోసం అక్కడి నుంచే దూరుతుంది. ఫ్రేమ్ పూర్తయ్యాక ముందు మీరు ఎక్కొద్దు. రెండు ఆనింపుల మీద పెట్టి మీ బరువుకు మూడింతల ఇసుక బస్తాలు వేసి ఒక రాత్రి వదిలేయండి. పొద్దున కీళ్ల చుట్టూ వేలితో తడిమి, తెల్లటి గీత ఎక్కడైనా కనిపిస్తే ఆ కీలు కోసి మళ్లీ చుట్టండి.